మన పిల్లల కోసం తల్లులు కలిసి కూర్చున్న చరిత్ర

ఈసారి నివేదికలో పొదుపు, అప్పుల లెక్కలతో పాటు ఇంకో సంగతి కూడా రాయాలని సమాఖ్య మీటింగులో అనుకున్నాం. కాచిగూడ, చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ బస్తీల్లోని మన సంఘాల్లో వైకల్యం ఉన్న పిల్లల్ని పెంచుతున్న అక్కచెల్లెళ్లు ఉన్నారు. పింఛను ఎట్ల వస్తది, సర్టిఫికెట్ ఎక్కడ ఇస్తరు అని మమ్మల్ని అడుగుతుంటారు. తెలిసినంత చెప్తాం. కానీ ఆ పింఛను, ఆ చట్టం, ఆ బడి ఎక్కడి నుంచి వచ్చాయో తెలిస్తే ఆఫీసులో అడిగే గొంతు వేరేగా ఉంటది. అందుకే ఈ చరిత్ర రాస్తున్నాం.

పాత రోజుల్లో పిల్లవాడికి మాట రాకపోయినా, మెడ నిలవకపోయినా నింద ముందు తల్లి మీదనే పడేది. గ్రహణం నాడు బయటికొచ్చింది, పోయిన జన్మల ఏం పాపం చేసిందో అనేవాళ్లు. తాయెత్తు, దర్గా, గుడి, మళ్లీ ఇంకో తాయెత్తు. ఇప్పుడు మాత్రం ఆ మాటలు పూర్తిగా పోయాయా? పోలేదు. కాకపోతే ఎదురు చెప్పడానికి ఇప్పుడు మన చేతిలో ఏదో ఒకటి ఉంది.

మన హైదరాబాద్‌లో ఇలాంటి పిల్లల కోసం పని 1968లోనే మొదలైంది. దిల్‌సుఖ్‌నగర్ వైపు ఠాకూర్ హరిప్రసాద్ సంస్థ వచ్చింది ఆ ఏడాదే. తర్వాత 1984లో కేంద్ర ప్రభుత్వం బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ల కోసం దేశం మొత్తానికి ఒక జాతీయ సంస్థను పెట్టింది. అది ఢిల్లీలో కాదు, మన సికింద్రాబాద్ బోయిన్‌పల్లి దగ్గర మనోవికాస్ నగర్‌లో ఉంది. అప్పుడు దాన్ని ఎన్ఐఎంహెచ్ అనేవారు. ఇప్పుడు పేరు మారి ఎన్ఐఈపీఐడీ అయింది. బస్తీలో ఇప్పటికీ చాలామంది పాత పేరే అంటారు. పేర్లు మారుతూనే వచ్చాయి. ఒకప్పుడు మందబుద్ధి అన్నారు, తర్వాత మానసిక వికలాంగులు అన్నారు, ఇప్పుడు మేధో వైకల్యం అంటున్నారు. ఏ పేరైనా సరే, పిల్లవాడిని ముందు వాడి పేరు పెట్టి పిలవాలని మా మాట.

ఆ సంస్థ చేసిన పెద్ద పని తల్లిదండ్రులకు నేర్పించడం. పిల్లవాడు డాక్టరు దగ్గర ఉండేది అరగంట, తల్లి దగ్గర ఉండేది రోజంతా. కాబట్టి నేర్పాల్సింది తల్లికి కూడా అని వాళ్లు పట్టుకున్నారు. దూరం నుంచి వచ్చే కుటుంబాలు కొన్ని రోజులు అక్కడే ఉండి నేర్చుకోవడానికి ఆవరణలోనే ఇళ్లు కట్టించారు. అన్నం తినడం, పళ్లు తోముకోవడం, స్నానం, బట్టలు వేసుకోవడం, దొడ్డికి వెళ్లడం లాంటి పనుల మీద తల్లిదండ్రుల కోసం చిన్న చిన్న పుస్తకాలు వేశారు.

ఆ పద్ధతి కొంచెం వివరంగా చెప్తాం, ఇంట్లో పనికొస్తది. ఒక పనిని ముక్కలు చేయాలి. అన్నం తినడం అంటే కలపడం, ముద్ద చేయడం, చేతికి తీసుకోవడం, నోటి దాకా తేవడం, నోట్లో పెట్టుకోవడం. మనం తొందరలో అన్నీ మనమే చేసి తినిపిస్తాం. వాళ్లేమో చివరి ముక్క ముందు నేర్పమంటారు. పిల్లవాడి చేతిని పట్టుకుని ముద్దను నోటి దగ్గరికి తెచ్చి అక్కడ వదిలేయాలి. నోట్లో పెట్టుకునేది వాడే. పని పూర్తి చేసింది నేనే అని వాడికి తెలుస్తది. అది వచ్చాక ఇంకో ముక్క వెనక్కి వెళ్లాలి. నెలలు పట్టొచ్చు. చొక్కా వేసుకోవడమూ ఇట్లనే. ఎంత చిన్న వయసులో మొదలుపెడితే అంత మంచిది. అందుకే నాలుగైదు నెలలకు మెడ నిలవకపోయినా, రెండేళ్లకు రెండు మాటలు కలపకపోయినా, వాళ్ల నాయనకు కూడా ఆలస్యంగానే వచ్చినయి అనుకుంటూ కూర్చోవద్దు.

ఇక్కడి నుంచి బోయిన్‌పల్లి పోవడం అప్పట్లో చిన్న పని కాదు. మెడ నిలవని పిల్లను భుజాన వేసుకుని సికింద్రాబాద్ దాకా ఒక బస్సు, అక్కడ ఇంకో బస్సు. కాచిగూడ స్టేషన్ మీదుగా ఎంఎంటీఎస్ వచ్చింది 2003 తర్వాతే. చిక్కడపల్లి, నారాయణగూడ మీదుగా జేబీఎస్‌కు మెట్రో 2020లో వచ్చింది. 2023 డిసెంబరు నుంచి బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. కానీ అబ్బాయి కొంచెం పెద్దయితే వాడికి టికెట్ కావాలి, అందుకని రాయితీ పాసు తీసుకోవడం మరవొద్దు.

ఇక చట్టాల సంగతి. ఇవి ఎవరో దయతలచి ఇచ్చినవి కావు. ఇంగ్లండులో 1946లో జూడీ ఫ్రైడ్ అనే తల్లి, తన బిడ్డలాంటి పిల్లలున్న అమ్మలు తనకు రాయండని ఒక పత్రికకు ఉత్తరం రాసింది. ఆ అమ్మలందరూ కలిసి పెట్టుకున్న సంఘమే తర్వాత మెన్‌క్యాప్ అనే పెద్ద సంస్థ అయింది. మన దేశంలోనూ ఊరూరా తల్లిదండ్రుల సంఘాలు ఏర్పడ్డాయి. అవన్నీ కలిసి 1995లో పరివార్ అనే జాతీయ సమాఖ్య అయ్యాయి. సంఘాలు కలిస్తే సమాఖ్య, మన లెక్కనే.

అదే 1995లో వికలాంగుల చట్టం వచ్చింది. అందులో ఏడు రకాల వైకల్యాలే ఉన్నాయి, ఆటిజం పేరు లేదు. 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టం వచ్చింది. ఇది ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, ఒకటికి మించి వైకల్యాలు ఉన్నవాళ్ల కోసం. ఆ ట్రస్ట్ బోర్డులో ముగ్గురు తల్లిదండ్రుల సంఘాల నుంచే ఉండాలని చట్టంలోనే రాశారు. 2016 చట్టంతో ఏడు రకాలు 21 అయ్యాయి. తలసేమియా, కండరాల క్షీణత కూడా చేరాయి. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల దాకా దగ్గరి బడిలో గానీ ప్రత్యేక బడిలో గానీ ఉచితంగా చదువుకునే హక్కు ఉంది. "మా దగ్గర కుదరదమ్మా" అని బడివాళ్లు అంటే, ఆ మాట కాగితం మీద రాసివ్వమని అడగండి. మాతో చెప్పండి, ఇద్దరం ముగ్గురం కలిసి పోదాం.

పింఛను 2014 నవంబరులో ఆసరా కింద 1500 అయింది. 2019లో 3016, 2023లో 4016 అయింది. సంక్షేమ శాఖ ఆఫీసు మలక్‌పేటలో ఉంది, కాచిగూడ తర్వాతి స్టేషనే. నేషనల్ ట్రస్ట్ వాళ్ల నిరామయ బీమాలో లక్ష రూపాయల దాకా వైద్యం ఖర్చు వస్తది, థెరపీకి కూడా.

మన సంఘాల నియమాల్లో ఒకటి గురించి కూడా రాయాలి. వారం వారం మీటింగ్ పంచసూత్రాల్లో మొదటిది. రాకపోతే జరిమానా. లేవలేని బిడ్డను ఒంటరిగా వదిలి రాలేని తల్లి జరిమానా కట్టీ కట్టీ చివరికి సంఘమే మానేస్తుంది. పొదుపు పోతది, అప్పు దొరకదు, కొత్త పథకం వచ్చినా ఆమె చెవిన పడదు. అందరికంటే సంఘం అవసరం ఉన్న మనిషే సంఘం బయట ఉంటున్నది. అందుకని వచ్చే సర్వసభ్య సమావేశంలో రెండు తీర్మానాలు పెడుతున్నాం. అలాంటి సభ్యురాలికి జరిమానా ఉండొద్దు. నెలకు ఒక మీటింగ్ ఆమె ఇంట్లోనే పెట్టుకోవాలి. అభ్యంతరం ఉన్నవాళ్లు ఆరోజు లేచి చెప్పండి, మాట్లాడుకుందాం.

చివరగా, పెద్ద పిల్లలున్న అక్కలకు. "నా తర్వాత వీణ్ని ఎవరు చూస్తరు?" అని అందరూ అడుగుతారు. పిల్లవాడికి 18 నిండితే, తల్లిదండ్రులైనా సరే, చట్టం దృష్టిలో వాళ్లంతట వాళ్లే సంరక్షకులు కారు. నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లా కలెక్టరు ఆధ్వర్యంలో స్థానిక కమిటీ ఉంటుంది. సంరక్షకులుగా నియమించమని దానికి దరఖాస్తు పెట్టుకోవాలి. మీరు పోయాక కాదు, మీరుండగానే. 17 దాటిన పిల్లలున్నవాళ్లు ఆధార్, వైకల్య సర్టిఫికెట్ జిరాక్సులు మీ సంఘం లీడరుకు ఇస్తే అందరివీ కలిపి ఒకేసారి తీసుకెళ్తాం.