డిజిటల్ అరెస్ట్: ‘ఎవరికీ చెప్పొద్దు’ అన్నాడంటే దొంగే

డిజిటల్ అరెస్ట్ అనేది మన చట్టంలో ఎక్కడా లేదు. పోలీసులమంటూ వీడియో కాల్‌లో బెదిరించి, మనిషిని ఇంట్లోనే గంటలు, రోజుల తరబడి కూర్చోబెట్టి డబ్బు గుంజే మోసానికి దొంగలు పెట్టుకున్న పేరది. పిల్లలు గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉండి, ఇక్కడ ఒంటరిగా ఉంటున్న పెద్దలు దీనికి తేలిగ్గా దొరికిపోతున్నారు.

ఎలా జరుగుతుంది?

‘మీ పేరున వచ్చిన పార్శిల్‌లో డ్రగ్స్ దొరికాయి’ అనో, ‘మీ ఆధార్‌తో మనీ లాండరింగ్ జరిగింది’ అనో మొదట ఫోన్ వస్తుంది. తర్వాత వీడియో కాల్‌లో యూనిఫాం వేసుకున్నవాడు కనిపిస్తాడు. సీబీఐ, ఈడీ, కోర్టుల పేర్లతో నకిలీ కాగితాలు పంపుతాడు. కాల్ కట్ చేయొద్దు, ఇంట్లో ఎవరికీ చెప్పొద్దు అంటాడు. ‘తనిఖీ చేసి తిరిగి ఇచ్చేస్తాం’ అని ఫిక్స్‌డ్ డిపాజిట్లు కూడా తీయించి, తాను చెప్పిన ఖాతాలకు పంపిస్తాడు.

హర్యానాలోని అంబాలాలో వృద్ధ దంపతులు ఇలాగే కోటి రూపాయలకు పైగా పోగొట్టుకున్నారు. వాళ్లకు చూపించినవి సుప్రీంకోర్టు పేరుతో తయారుచేసిన నకిలీ ఉత్తర్వులు. బాధితురాలి ఫిర్యాదుతో 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు సుమోటోగా కేసు చేపట్టింది. డిసెంబరులో ఇలాంటి కేసుల దర్యాప్తును సీబీఐకి అప్పగించింది.

చట్టం ఏమంటోంది?

భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 48వ సెక్షన్ ప్రకారం ఎవరినైనా అరెస్ట్ చేస్తే ఆ సంగతి బంధువులకో స్నేహితులకో పోలీసులే తెలియజేయాలి. అంటే అసలు పోలీసు ఇంట్లోవాళ్లకు చెప్పాలి, దొంగ మాత్రం చెప్పొద్దంటాడు. తేడా ఇక్కడే తెలిసిపోతుంది. హాజరు కావాలంటూ 35వ సెక్షన్ కింద ఇచ్చే నోటీసును వాట్సాప్‌లో పంపకూడదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కేసు పరిష్కారానికి డబ్బు ట్రాన్స్‌ఫర్ చేయమని ఏ పోలీసూ, ఏ కోర్టూ అడగదు.

డబ్బు పంపేసి ఉంటే?

వెంటనే 1930కి ఫోన్ చేయండి. దొంగలు ఆ డబ్బును నిమిషాల్లో ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు మార్చేస్తుంటారు. ఫిర్యాదు ఎంత త్వరగా వెళ్తే, ఇంకా ఖాతాల్లో మిగిలిన సొమ్మును బ్యాంకులు నిలిపివేసే అవకాశం అంత ఎక్కువ. లావాదేవీ నంబరు, కాల్ వచ్చిన నంబరు, మెసేజ్‌లు దగ్గర పెట్టుకోండి. డిలీట్ చేయొద్దు. మీ బ్యాంకుకు కూడా చెప్పండి. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లోనూ ఫిర్యాదు చేయొచ్చు.

పిల్లలు చేయాల్సింది

చాలామంది పెద్దలు ఇజ్జత్ పోతుందనే భయంతో నోరు విప్పరు. దొంగకు కావాల్సింది కూడా అదే. అందుకే, ‘అబ్బా, ఎవరు బెదిరించినా ఫోన్ కట్ చేసి ముందు నాకు చెప్పండి, అర్ధరాత్రయినా సరే’ అని ఇప్పుడే చెప్పి ఉంచండి. మీరు దూరదేశంలో ఉంటే, పక్కింట్లోనో బస్తీలోనో నమ్మకమైన ఒకరి నంబరు అమ్మీ ఫోన్‌లో సేవ్ చేయండి. ఒకవేళ మోసపోతే ‘ఇంత చదువుకుని ఎలా నమ్మారు?’ అని నిలదీయకండి. ఆ వాదనలో పోయే ప్రతి నిమిషం దొంగకే లాభం. ముందు 1930కి కాల్ చేయండి.