పునీత తోమా (మైలాపూరు)

పునీత తోమా (దిదుమ, అంటే కవల) యేసుక్రీస్తు పన్నెండుమంది శిష్యులలో ఒకరు. నేటి చెన్నైలోని మైలాపూరు పరిసరాలలో క్రీ.శ. 72లో ప్రాణమిచ్చినట్లు సంప్రదాయం చెప్పే వేదసాక్షి. విశ్వాసాన్ని విడువక మరణించినవారిని కతోలికులు వేదసాక్షులనీ, ఇతర క్రైస్తవులు ఎక్కువగా హతసాక్షులనీ అంటారు. సాక్షి అనే అర్థమున్న గ్రీకు పదమే రెండింటికీ మూలం. గాయాలను తాకి చూస్తేగాని నమ్మనన్న శిష్యుడే ఈటెపోట్లకు ఎదురు నిలిచాడన్నది ప్రసంగాలలో తరచు వినిపించే మాటే గాని, ఆ మరణం ఎలా సంభవించిందన్న విషయంలో ఆధారాలు ఏకీభవించవు.

లభించిన కథనాలలో అతి పాతది ‘తోమా కార్యములు’. 3వ శతాబ్దంలో, బహుశా ఎడెస్సా (నేటి తుర్కియేలోని ఉర్ఫా) ప్రాంతంలో సిరియాక్ భాషలో వెలసిన ఈ గ్రంథానికి బైబిలులో చోటు దక్కలేదు. మజ్దయి అనే రాజు భార్య తెర్తియ, రాజబంధువు భార్య మిగ్దోనియ తోమా బోధ విని దాంపత్యాన్ని త్యజించగా, ఆగ్రహించిన రాజు, ప్రజలు అడ్డుపడతారన్న జంకుతో అతణ్ని ఊరి వెలుపలి కొండకు పంపి, నలుగురు సైనికుల చేత ఈటెలతో పొడిపించాడని ఇందులో ఉంది. కథలో కల్పన పాలు హెచ్చే. అయినా ఇందులోని మరో రాజు గోండోఫరెస్ కల్పితుడు కాడని నాణేలూ, తఖ్త్-ఇ-బాహి శాసనమూ రుజువు చేశాయి. అయితే అతడు ఏలినది వాయవ్య భారతం. మజ్దయిని మైలాపూరు రాజు మహాదేవనుగా గుర్తించడం కేవలం పేర్ల పోలిక మీద నిలిచిన ఊహ.

1292-93 ప్రాంతంలో కోరమాండల్ తీరానికి వచ్చిన మార్కోపోలో విన్న కథలో హింసించిన రాజే లేడు: ప్రార్థనలో ఉన్న తోమాకు, నెమలికి గురిపెట్టిన వేటగాడి బాణం పొరపాటున తగిలింది. యాత్రికులు ఆ చోటి ఎర్రమన్ను తీసుకుపోయి జ్వరపీడితులకు నీటిలో కలిపి తాగించేవారని కూడా ఆయన రాశాడు. ‘తోమా కార్యములు’ చివర, దయ్యం పట్టిన కొడుకు కోసం మజ్దయి సమాధి తెరిపించగా ఎముకలు లేకపోవడంతో అక్కడి మట్టితోనే బాలుడు కోలుకోవడం గమనార్హం. మరణకారణం మారినా మట్టి మీది నమ్మకం మారలేదు.

సైదాపేట దగ్గరి చిన్నమలై గుహలో తలదాచుకున్న తోమాను వెంటాడి, పరంగిమలై (సెయింట్ థామస్ మౌంట్) మీద వెనుకనుంచి ఈటెతో పొడిచారని నేడు యాత్రికులు వినే కథ ప్రధానంగా పోర్చుగీసు కాలపు రాతలలో కనిపిస్తుంది కనుక, దానికి ‘కార్యముల’ ప్రాచీనత లేదు. 1523లో పోర్చుగీసువారు మైలాపూరు సమాధిని తవ్వి ఎముకలు, ఈటెమొన, మట్టిపాత్ర కనుగొన్నామన్నారు. 1547లో పరంగిమలై మీద బయటపడిన రాతిశిలువ 1558 డిసెంబరు 18న పూజ జరుగుతుండగా నెత్తురు చెమర్చిందని ప్రతీతి. శిలువ చుట్టూ ఉన్నది పహ్లవీ (మధ్య పారసీక) లిపి. దాని పాఠంపై పండితులు ఒక మాట మీద లేకపోయినా, పోర్చుగీసువారికి శతాబ్దాల ముందే ఇక్కడ పారసీక సంబంధమున్న క్రైస్తవులు ఉండేవారనడానికి ఈ కట్టుకథల నడుమ గట్టిగా నిలిచే సాక్ష్యం అదే.

అవశేషాలలో అధికభాగం మైలాపూరులో లేదు. అవి ఎడెస్సా చేరినట్లు 4వ శతాబ్దపు పునీత ఎఫ్రేము గీతాలు పేర్కొంటాయి. అక్కడినుంచి కియోస్ ద్వీపం మీదుగా 1258లో ఇటలీలోని ఒర్తోనాకు చేరాయంటారు. మైలాపూరు సమాధిపై ఉన్న ప్రస్తుత గోథిక్ శైలి ఆలయం 1896లో ప్రతిష్ఠితమై, 1956లో బసిలికా హోదా పొందింది. పండుగను రోము క్యాలెండరు 1969 సంస్కరణలో డిసెంబరు 21 నుంచి జూలై 3కు మార్చారు. ఆ తేదీ తోమా మరణించిన రోజుగా కాక, అవశేషాలను ఎడెస్సాకు తరలించిన రోజుగా ప్రసిద్ధం.