కోట గొంతులో మా నాయిన మాట

2025 జులై 13, ఆదివారం. కోట శ్రీనివాసరావు పోయారని తెలిసిన పొద్దున లక్డీకాపూల్‌లో మా ఇంట్లో టీవీ ఆపలేదు. ‘అహనా పెళ్ళంట’ (1987) వస్తోంది. కోడిని ఎదురుగా వేలాడదీసుకుని, దాన్ని చూస్తూ ఉత్త అన్నం తినే పిసినారి లక్ష్మీపతిని చూసి నేను నవ్వుతున్నాను. మా నాయిన మాత్రం, “నాకు గీయన కాశయ్య లెక్కనే యాదికుంటడు” అన్నాడు.

కాశయ్య, టి. కృష్ణ తీసిన ‘ప్రతిఘటన’ (1985)లో రాజకీయ నాయకుడు. కృష్ణా జిల్లా కంకిపాడులో పుట్టి, నాటకాలాడుతూ స్టేట్ బ్యాంకులో ఉద్యోగం చేసిన కోట, 1978లో ‘ప్రాణం ఖరీదు’తో తెరమీదకొచ్చారు. జనానికి గట్టిగా గుర్తుండిపోయింది మాత్రం కాశయ్యతోనే. ఆ కాశయ్యది తెలంగాణ యాస. ‘గాయం’ (1993)లో గురునారాయణ, ‘గణేష్’ (1998)లో ఆరోగ్యశాఖ మంత్రి కూడా అదే యాసలో మాట్లాడతారు. ఆ రెండిటికీ ఉత్తమ విలన్‌గా నంది అవార్డులొచ్చాయి.

నాకొచ్చింది వేరే బిరుదు. స్కూల్లో నోరు జారి “గట్లనే” అంటే చాలు, వెనక బెంచీవాళ్ళు “ఒరేయ్ గురునారాయణా” అని పిలిచేవాళ్ళు. ఇంజనీరింగ్‌కి వచ్చేసరికి నాకు ఇంట్లో ఒక తెలుగు, బయట ఒక తెలుగు. ఆ కోపం చాలా ఏళ్ళు కోట మీదే ఉండేది.

ఇప్పుడు ఆ సినిమాలు మళ్ళీ చూస్తే లెక్క వేరేగా తేలుతోంది. లక్ష్మీపతి దగ్గర మనల్ని నవ్వించేది పిసినారితనం, యాస కాదు. కాశయ్య దగ్గర భయపెట్టేది అధికారం. కోట యాసని వెక్కిరించలేదు, అందులో బతికే మనిషిని చూపించారు. తప్పెక్కడంటే, అదే సినిమాల్లో మంచివాళ్ళందరికీ పుస్తకాల తెలుగో, కోస్తా తెలుగో ఇచ్చి, ఈ యాసని రౌడీకీ మంత్రికీ మాత్రమే రాయడంలో ఉంది. ‘మా భూమి’ లాంటివి ఉన్నాయి గానీ అవి వేరే దారి. పెద్ద కమర్షియల్ సినిమాలో మా మాట మంచివాళ్ళ నోటికి రావడానికి చాలా కాలం పట్టింది. 2014లో రాష్ట్రం వచ్చింది. తర్వాత ‘ఫిదా’ (2017)లో హీరోయిన్ ఆ మాటతోనే ప్రేమించింది, ‘బలగం’ (2023)లో ఒక ఇల్లంతా ఆ మాటతోనే ఏడ్చింది.

కోట మాత్రం 750కి పైగా సినిమాల్లో రకరకాల మనుషుల్ని మోశారు. ‘ఆ నలుగురు’ (2004)లో వడ్డీ వ్యాపారి కోటయ్యనే చూడండి. లక్ష్మీపతిలాగే డబ్బు మనిషి, కానీ ఈసారి నవ్వు సగంలోనే గొంతుకి అడ్డం పడుతుంది.

“కాశయ్యని చూసి నీకు కోపం రాలేదా నాయినా?” అనడిగాను.

“అచ్చింది. గనీ గంత పెద్ద సినిమాల మన మాట ఇనవడ్డది గాయన నోట్లెనే గదా.”

ఆ రాత్రి ఇద్దరం ‘ప్రతిఘటన’ పెట్టుకున్నాం. కాశయ్య నోరు తెరవగానే నాయిన రిమోట్ అందుకుని వాల్యూమ్ పెంచాడు.