కణంలో చెల్లే నాణెం: ఏటీపీ పుట్టుపూర్వోత్తరాలు

చెరువు మట్టిలోని బాక్టీరియా మొదలుకొని మనిషి గుండె కండరం దాకా, ప్రాణమున్న ప్రతి కణమూ తన పనులలో అధిక భాగానికి కావలసిన శక్తిని ఒకే రసాయన పదార్థం రూపంలో ఖర్చు పెడుతుంది. దాని పూర్తి పేరు ఎడినోసిన్ ట్రైఫాస్ఫేట్. పాఠ్యపుస్తకాలలోనూ ప్రయోగశాలలలోనూ స్థిరపడిన పొట్టి పేరు ఏటీపీ. ఎడినిన్ అనే నత్రజని క్షారమూ, రైబోజ్ అనే అయిదు కర్బన పరమాణువుల చక్కెరా కలిస్తే ఎడినోసిన్ అవుతుంది. దానికి మూడు ఫాస్ఫేట్ సమూహాలు, అంటే భాస్వరం ఆక్సిజన్‌తో కూడి ఏర్పడిన మూడు భాగాలు, ఒకదాని వెంట ఒకటి గొలుసుగా తగులుకుంటే ఏటీపీ అవుతుంది. ఆ గొలుసులోని చివరి ఫాస్ఫేట్ నీటితో జరిగే చర్యలో విడిపోయినప్పుడు రెండు ఫాస్ఫేట్లు గల ఏడీపీ మిగులుతుంది. ప్రమాణ పరిస్థితులలో ఒక్కొక్క మోల్‌కు సుమారు 7.3 కిలోకేలరీల శక్తి పనికి అందుతుంది.

ఈ పదార్థాన్ని ‘శక్తి కరెన్సీ’ అనడంలో ఎంతో ఔచిత్యముంది. గాదె నిండా వడ్లున్న రైతు అయినా అంగడిలో ఉప్పు కొనాలంటే కొంత ధాన్యం అమ్మి డబ్బు చేసుకోక తప్పదు. ఆ విధంగానే అన్నంలోని పిండిపదార్థంలోనూ నేతిలోని కొవ్వులోనూ ఎంత శక్తి ఉన్నా కణం దానిని ఉన్నపళంగా వాడుకోలేదు. ఆహారాన్ని అంచెలంచెలుగా విడగొట్టి, అందులో వెలువడిన శక్తితో ఏడీపీకి మరొక ఫాస్ఫేట్‌ను తగిలించి ఏటీపీగా మార్చుకున్న తరువాతనే కండరం ముడుచుకోవడానికీ, కొత్త ప్రోటీన్లు కట్టుకోవడానికీ, కణంలోకి చొరబడిన సోడియంను బయటికి తోడిపోయడానికీ వీలవుతుంది. ఈ నాణెం దాచుకునేది కాదు, నిరంతరం చేతులు మారేది: పెద్ద మనిషి శరీరంలో ఏ క్షణాన చూసినా ఉండే ఏటీపీ పావు కిలోకు మించదని అంచనా కాగా, ఒక్క రోజులో విడిపోయి మళ్ళీ తయారయ్యే ఏటీపీ అంతా కలిపితే దాదాపు ఆ మనిషి బరువంత ఉంటుంది.

దీని చరిత్ర వెదుక్కుంటూ వెళితే 18వ శతాబ్దపు పారిస్ నగరం చేరుకోవలసి ఉంటుంది. ఆంట్వాన్ లావోయిజర్, పియర్ సైమన్ లాప్లాస్‌లు 1782-83 చలికాలంలో చుట్టూ మంచుగడ్డలు నింపిన ఒక పాత్రలో గినీపందిని ఉంచి, దాని ఒంటి వేడికి ఎంత మంచు కరిగిందో తూచి, అది విడిచిన కార్బన్ డయాక్సైడును కూడా లెక్కగట్టి, ఆ రెండింటినీ బొగ్గు మండినప్పటి లెక్కలతో పోల్చి చూశారు. శ్వాసక్రియ అంటే చాలా నెమ్మదిగా జరిగే దహనమేనన్న వారి నిర్ణయం జీవరసాయనశాస్త్రానికి పునాది వేసింది. అయితే ఆ నిర్ణయం నుంచే ఒక చిక్కు ప్రశ్న పుట్టింది. ఆవిరియంత్రం వేడితో పని చేయాలంటే ఒకచోట వేడిగా, మరొకచోట చల్లగా ఉండాలి. దేహంలోనో, ఒక కణానికీ పక్క కణానికీ మధ్య చెప్పుకోదగ్గ ఉష్ణోగ్రతా భేదమే లేదు. కనుక ఆహారం మండగా వచ్చిన శక్తి వేడిగా వృథా పోకముందే మరేదో రసాయన రూపంలో చేతికి అందుతూ ఉండాలి. ఆ రూపమేమిటో తేలడానికి దాదాపు ఒకటిన్నర శతాబ్దం పట్టింది.

మొదటి ఆధారం ఈస్టు నుంచి లభించింది. చక్కెర పులిసి సారాయిగా మారే కిణ్వన ప్రక్రియకు బతికి ఉన్న ఈస్టు కణాలే కారణమని లూయీ పాశ్చర్ 1857 నాటికి ప్రతిపాదించగా, 1897లో ఎడ్వర్డ్ బుక్నర్ ఈస్టును ఇసుకతో నూరి, కణాలు పగిలిన తరువాత పిండి తీసిన రసం కూడా చక్కెరను పులియబెట్టగలదని చూపించాడు. జీవక్రియ జరగడానికి చెక్కుచెదరని కణమే ఉండనక్కరలేదని, దానిలోని ఎంజైములు, అంటే రసాయన చర్యలను వేగిరపరిచే ప్రోటీన్లు, కణం వెలుపల కూడా పని చేస్తాయని దానితో తేలిపోయింది. 1905-06 సంవత్సరాలలో లండన్‌లో ఆర్థర్ హార్డెన్, విలియం యంగ్‌లు ఆ రసానికి ఫాస్ఫేట్ లవణం కలిపి చూడగా, మందగించిన కిణ్వనం ఒక్కసారిగా ఊపందుకుంది. కలిపిన ఫాస్ఫేట్ చక్కెరతో జతకట్టింది. అప్పటిదాకా ఎముకల గట్టిదనానికి సంబంధించినదిగా ముఖ్యంగా పేరుపడిన భాస్వరం జీవశక్తి వ్యవహారంలోకి అడుగుపెట్టడం ఆ విధంగా జరిగింది.

రెండో ఆధారం కండరంలో దొరికింది. పని చేసినట్లు కంటికి కనిపించే కణజాలం కండరమే కాబట్టి, శక్తి మూలాన్ని వెదికేవారికి అది సహజంగానే ప్రయోగశాల అయింది. కప్ప కండరం అలసే కొద్దీ లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుందని, ఆక్సిజన్ తగిలితే అది తగ్గిపోతుందని 1907లో కేంబ్రిడ్జిలో వాల్టర్ ఫ్లెచర్, ఫ్రెడరిక్ హాప్కిన్స్‌లు రుజువు చేశారు. కండరం విడుదల చేసే వేడిని కొలిచిన ఆర్చిబాల్డ్ హిల్‌కూ, ఆక్సిజన్ వినియోగానికీ లాక్టిక్ ఆమ్లానికీ గల సంబంధాన్ని తేల్చిన ఓటో మేయర్హోఫ్‌కూ 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి దక్కింది. ఆ ప్రతిష్ఠతో, కండరం ముడుచుకోవడానికి లాక్టిక్ ఆమ్లం పుట్టుకే కారణమన్న సిద్ధాంతం తిరుగులేనిదిగా నిలిచింది.

భీమవరంలో పుట్టి మద్రాసులో వైద్యం చదివిన ఎల్లాప్రగడ సుబ్బారావు ఆ రోజులలోనే ఉష్ణమండల వ్యాధుల అధ్యయనం కోసం బోస్టన్ చేరుకున్నాడు. అక్కడి హార్వర్డ్ వైద్యకళాశాలలో సైరస్ ఫిస్క్ వద్ద ఆయనకు అప్పగించిన పని చూడడానికి చాలా చిన్నది: రక్తంలోనూ ఇతర దేహద్రవాలలోనూ భాస్వరం ఎంత ఉందో కచ్చితంగా కొలిచే పద్ధతి రూపొందించడం. 1925లో వారిద్దరూ ప్రకటించిన పద్ధతిలో, ప్రోటీన్లను తొలగించి వడకట్టిన ద్రవానికి ఆమ్లంతో కూడిన మాలిబ్డేట్ ద్రావణాన్నీ, ఆ తరువాత ఒక క్షయకరణ పదార్థాన్నీ కలుపుతారు. స్వేచ్ఛగా ఉన్న ఫాస్ఫేట్ మాలిబ్డేట్‌తో కలిసి నీలిరంగు పొందుతుంది. రంగు ఎంత చిక్కనైతే భాస్వరం అంత ఎక్కువ. ఆ నీలాన్ని తెలిసిన మోతాదు గల మరొక ద్రావణపు రంగుతో పక్కపక్కన పెట్టి, కంటితో పోల్చి లెక్క తేల్చేవారు. ఫిస్క్-సుబ్బారావు పద్ధతిగా పేరొందిన ఈ పరీక్ష తరతరాల జీవరసాయనశాస్త్ర విద్యార్థులకు పాఠమైంది.

అసలు కథ ఆ నీలిరంగు ఆలస్యం చేయడంతో మొదలవుతుంది. మామూలు ద్రవాలలో కొద్ది నిమిషాల్లోనే నిలకడకు వచ్చే రంగు, కండరం నుంచి తీసిన ద్రవంలో మాత్రం తొలుత పలచగా కనిపించి, వేచి చూసే కొద్దీ చిక్కబడుతూ పోయింది. పరీక్షలో ఏదో లోపముందనుకుని కొట్టిపారేయడానికి వీలున్న ఆ చిన్న తేడాను వారిద్దరూ వదలలేదు. ఫాస్ఫేట్‌ను పట్టి ఉంచిన ఏదో నాజూకైన పదార్థం కండరంలో ఉన్నదని, పరీక్షలోని ఆమ్లంలో అది కొంచెం కొంచెంగా విడిపోతూ ఫాస్ఫేట్‌ను వదులుతున్నదని, అందుకే రంగు తీరిగ్గా వస్తున్నదని వారు గ్రహించారు. 1927లో ఆ పదార్థం క్రియాటిన్, ఫాస్ఫేట్‌ల కలయిక అయిన ఫాస్ఫోక్రియాటిన్ అని నిరూపించారు. కండరం పని చేస్తున్నప్పుడు అది తరిగిపోతుంది, విశ్రాంతిలో తిరిగి నిండుతుంది. అదే సంవత్సరం లండన్‌లో ఫిలిప్, గ్రేస్ ఎగిల్‌టన్ దంపతులు కూడా కండరంలోని ఈ అస్థిర పదార్థాన్ని వేరొక దారిలో కనిపెట్టి దానికి ఫాస్ఫాజెన్ అని పేరు పెట్టారు. లాక్టిక్ ఆమ్ల సిద్ధాంతానికి పడిన మొదటి బీట ఇదే.

రెండేళ్ళు తిరగకుండానే ఏటీపీ వెలుగు చూసింది. 1929లో జర్మనీలో మేయర్హోఫ్ ప్రయోగశాలలోని కార్ల్ లోమన్, అమెరికాలో ఫిస్క్, సుబ్బారావులు, ఒకరితో ఒకరికి ప్రమేయం లేకుండా, కండరం నుంచి ఈ పదార్థాన్ని వేరు చేసి ప్రకటించారు. గాఢత తక్కువైన హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో మరిగే నీటి వేడి వద్ద ఏడు నిమిషాలు ఉంచితే దీనిలోని మూడు ఫాస్ఫేట్లలో రెండు ఊడివస్తాయి, మూడోది మాత్రం మొండిగా నిలుస్తుంది. ‘ఏడు నిమిషాల ఫాస్ఫేట్’ అన్న మాట ప్రయోగశాలల వాడుకలో చాలాకాలం నిలవడానికి ఈ గుణమే కారణం. అయితే దొరికిన వస్తువు విలువ దొరికిన రోజునే తెలియలేదు. కండరంలో ఉండే అనేక భాస్వర పదార్థాలలో ఇదీ ఒకటిగానే మొదట లెక్కకు వచ్చింది.

ఆ విలువ తరువాతి పన్నెండేళ్ళలో అంచెలంచెలుగా బయటపడింది. 1930లో డెన్మార్క్‌కు చెందిన ఐనార్ లుండ్స్‌గార్డ్ అయడో ఎసిటిక్ ఆమ్లంతో విషపూరితం చేసిన కండరంలో లాక్టిక్ ఆమ్లం బొత్తిగా పుట్టకపోయినా కండరం ముడుచుకుంటూనే ఉన్నదని, ఆ సమయంలో ఫాస్ఫోక్రియాటిన్ ఖర్చవుతున్నదని చూపించడంతో పాత సిద్ధాంతం కూలిపోయింది. 1934లో లోమన్, ఫాస్ఫోక్రియాటిన్ తన ఫాస్ఫేట్‌ను ఏడీపీకి ఇచ్చి ఏటీపీని తయారు చేస్తుందని కనుగొన్నాడు. అంటే ఫాస్ఫోక్రియాటిన్ ఇనప్పెట్టెలోని నిల్వ అయితే, చేతిలో ఆడే సొమ్ము ఏటీపీ. 1939లో సోవియట్ శాస్త్రవేత్తలు వ్లదిమిర్ ఎంగెల్‌హార్ట్, మిలిత్సా ల్యుబిమోవాలు కండరపు ముఖ్య ప్రోటీన్ అయిన మయోసిన్ స్వయంగా ఏటీపీని విడగొడుతుందని తేల్చి, ఇంధనాన్నీ యంత్రాన్నీ ఒకచోట కలిపారు. 1941లో ఫ్రిట్జ్ లిప్‌మన్ ఈ చెదురుమదురు ఫలితాలన్నిటినీ ఒక సూత్రానికి గుచ్చి, కండరానికే పరిమితం కాకుండా సమస్త జీవులలోనూ శక్తి మారకానికి ఏటీపీయే మాధ్యమమని ప్రతిపాదించాడు. ఆయన వాడిన ‘అధికశక్తి ఫాస్ఫేట్ బంధం’ అన్న మాటకు ఇప్పటికీ ఒక అపార్థం అంటుకొని ఉంది. బంధాన్ని తెంచడానికి ఎప్పుడైనా శక్తి పెట్టవలసిందే. ఋణావేశం గల ఫాస్ఫేట్లు ఇరుకుగా పక్కపక్కన ఉండి వికర్షించుకునే స్థితి నుంచి విడిపోయి, నీటిలో మరింత స్థిరమైన రూపాలు పొందడం వల్లనే మొత్తం మీద శక్తి మిగులుతుంది.

ఈ నాణేన్ని ముద్రించే టంకశాల ఎక్కడన్నది తరువాతి ప్రశ్న. ఆహారాన్ని ఆక్సీకరించి ఏటీపీని తయారు చేసే వ్యవస్థ కణంలోని మైటోకాండ్రియాలో ఉన్నదని 1948లో యూజీన్ కెనెడీ, ఆల్బర్ట్ లెహ్నింజర్‌లు చూపారు. కిరణజన్య సంయోగక్రియలో సూర్యకాంతి సాయంతో హరితరేణువులు కూడా ఏటీపీని తయారు చేస్తాయని 1954లో డేనియల్ ఆర్నన్ బృందం నిరూపించింది. ఆక్సీకరణానికీ ఏటీపీ తయారీకీ మధ్య లంకె ఏమిటో ఎవరికీ అంతుపట్టని రోజులలో, 1961లో పీటర్ మిచెల్ ఒక సాహసోపేతమైన సమాధానం చెప్పాడు. ఆహారం నుంచి వచ్చిన శక్తి మైటోకాండ్రియా లోపలి పొరకు ఒకవైపు ప్రోటాన్లను, అంటే ధనావేశం గల హైడ్రోజన్ అయాన్లను, తోడిపోస్తుందని, శ్రీశైలం జలాశయంలో ఎత్తున నిలిచిన నీరు కిందికి దూకుతూ టర్బైన్లను తిప్పినట్లే ఆ ప్రోటాన్లు తిరిగి వచ్చే వేగం ఏటీపీని తయారు చేయిస్తుందని ఆయన సిద్ధాంతం. ఏళ్ళ తరబడి తీవ్ర విమర్శలు ఎదుర్కొన్న ఆ సిద్ధాంతానికి 1978లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఆశ్చర్యమేమిటంటే, టర్బైన్ అన్న మాట ఇక్కడ ఉపమానంగానే మిగిలిపోలేదు. ఏటీపీని కూర్చే ఎంజైము అక్షరాలా తిరుగుతుందని పాల్ బోయర్ ఊహించగా, 1994లో జాన్ వాకర్ బృందం తేల్చిన దాని నిర్మాణం ఆ ఊహను బలపరిచింది. 1997లో ఇద్దరికీ నోబెల్ లభించింది. అదే ఏడాది జపాన్‌లో హిరోయుకి నోజి, మసాసుకే యోషిడా, కజుహికో కినోసితలు ఎంజైమును గాజు పలకకు అతికించి, దాని ఇరుసుకు మెరిసే ప్రోటీన్ పోగునొకదానిని తగిలించి, ఏటీపీని అందించినప్పుడు ఆ పోగు గడియారపు ముల్లుకు ఎదురు దిశలో గిరగిరా తిరగడాన్ని సూక్ష్మదర్శినిలో కళ్ళారా చూశారు.

ఈ జ్ఞానం నిత్యజీవితానికీ చేరువైనదే. మినుగురు పురుగు వెలుగుకు ఏటీపీ అవసరమని 1947లో విలియం మెక్ఎల్రాయ్ కనుగొన్నాడు. వెలుగు తగ్గిపోయిన మినుగురు సారంలో ఏటీపీ చుక్క వేయగానే అది మళ్ళీ వెలిగింది. బతికిన కణమున్న చోట ఏటీపీ ఉంటుంది కాబట్టి, ఆహార కర్మాగారాలలోని బల్లలూ పాత్రలూ శుభ్రంగా ఉన్నాయో లేవో పరీక్షించడానికి నేడు ఆ వెలుగునే వాడుతున్నారు. ప్రాణం పోయిన తరువాత శరీరం కొయ్యబారడానికి కారణమూ ఇదే: ముడుచుకున్న ప్రోటీన్ పోగులు ఒకదానినొకటి విడిచిపెట్టడానికి కూడా ఏటీపీ కావాలి, అప్పటికి అది అయిపోయి ఉంటుంది.

సుబ్బారావు 1940లో లెడర్లె ప్రయోగశాలలకు మారి, ఫోలిక్ ఆమ్లం, బోదకాలుకు వాడే హెట్రజాన్ వంటి మందుల పరిశోధనలకు నాయకత్వం వహించి, 1948లో 53 ఏళ్ళ వయసులో కన్నుమూశాడు. తెలుగునాట ఆయన పేరు ఎక్కువగా ఆ మందులతోనే ముడిపడి ఉంది. కానీ మందు రోగికి అవసరమవుతుంది, ఏటీపీ ప్రతి జీవికీ ప్రతి క్షణమూ అవసరమవుతుంది. మాలిబ్డేట్ నీలం ఎందుకు ఆలస్యమైందని ఓపికగా అడిగిన ఇద్దరు మనుషుల నిజాయితీ ఆ అవగాహనకు దారి తీసింది. కొలత లెక్కకు తప్పినప్పుడు కొలతను తప్పుపట్టక, దాని వెనుక ఏమున్నదో వెదకాలన్నది విజ్ఞానశాస్త్రం నేర్పే పెద్ద పాఠం. ఏటీపీ పాఠం చెప్పే ప్రతి ఉపాధ్యాయుడూ దాని మూడు ఫాస్ఫేట్లను నల్లబల్లపై గీసేటప్పుడు, భీమవరంలో పుట్టిన ఆ శాస్త్రవేత్త పేరునూ, ఆలస్యంగా వచ్చిన ఆ నీలిరంగు కథనూ పిల్లలకు తప్పక చెప్పాలి.