రొమ్ములో గడ్డ తగిలిందా? 30 ఏళ్లలోపు అమ్మాయిలు తప్పక తెలుసుకోవాల్సిన విషయాలివే..

రొమ్ము క్యాన్సర్ అంటే అమ్మల వయసు వాళ్లకే వస్తుందనుకుంటారు చాలామంది. ఈ వయసులో రిస్క్ తక్కువే.. కానీ అసలు లేదని కాదు. ప్రభుత్వ స్క్రీనింగ్ 30 ఏళ్లు దాటిన వాళ్లకే. అంటే ఓయూ హాస్టళ్లు, తార్నాక పీజీల్లో ఉండే ఇరవై ఏళ్ల అమ్మాయిల్ని ఎవరూ పిలిచి చెక్ చేయరు. మార్పును ముందు గమనించాల్సింది వాళ్లే.

రిస్క్ ఎవరికి ఎక్కువ?
అమ్మకో, అక్కకో చిన్న వయసులోనే వచ్చి ఉంటే డాక్టర్‌కు ముందే చెప్పాలి. నాన్న వైపు చరిత్ర కూడా లెక్కలోకి వస్తుంది. బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 జన్యుమార్పులు ఇద్దరి నుంచీ రావచ్చు.

ఏం గమనించాలి?
* రొమ్ములో గడ్డ, చంకలో వాపు
* చర్మం సొట్ట పడటం
* చనుమొన కొత్తగా లోపలికి పోవడం, రక్తం కారడం
నెలసరి అయిపోయాక కొన్ని రోజులకు చూసుకుంటే తేడా తేలిగ్గా తెలుస్తుంది.

ఏ టెస్ట్ చేస్తారు?
ఈ వయసులో రొమ్ము కణజాలం దట్టంగా ఉంటుంది. మామోగ్రామ్‌లో గడ్డ సరిగ్గా కనిపించకపోవచ్చు. అందుకే ముందు అల్ట్రాసౌండ్, అవసరమైతే బయాప్సీ చేస్తారు. చాలావరకు అవి ఫైబ్రోఅడినోమా లాంటి మామూలు గడ్డలే. కానీ చేత్తో తడిమి ఏదేంటో తేల్చలేం. నొప్పి లేదు కదా అని ఊరుకోవద్దు.

రిస్క్ తగ్గాలంటే?
మద్యానికి దూరంగా ఉండాలి, బరువు అదుపులో పెట్టుకోవాలి. తార్నాకలోని ఎన్‌ఐఎన్ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లోనూ వ్యాయామం ఉంది. ఓయూ రోడ్లపై రోజూ అరగంట వేగంగా నడిచినా మంచిదే.

క్యాన్సర్ అని తేలితే నగరంలోనే రెడ్‌హిల్స్‌లో ప్రభుత్వ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. తొలి దశలో దొరికితే నయమయ్యే అవకాశం చాలా ఎక్కువ. సిగ్గుతో దాచుకుంటే పోయేది ఆ టైమే.