ఫిష్ ట్యాంక్: కొన్న వారానికే చేపలు చనిపోతున్నాయా? ఫిల్టర్ కొనే ముందు మన బోరు నీళ్ల సంగతి తెలుసుకోండి!

పిల్లలు అడిగారని బెంగళూరు వెళ్లినప్పుడు ఓ చిన్న ట్యాంక్, కవర్లో నాలుగైదు చేపలు తెచ్చుకోవడం హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపు మామూలే. మూడు ఊళ్లూ బెంగళూరు రైలు మార్గంలోనే ఉన్నాయి, హిందూపురం నుంచైతే దూరం వంద కిలోమీటర్లే. కానీ చాలా ఇళ్లలో వారం, పది రోజులకే చేపలు ఒక్కొక్కటిగా తేలిపోతుంటాయి. అమ్మినవాళ్లు రోగం చేపలు అంటగట్టారని అనుకుంటాం. చాలాసార్లు అసలు కారణం ఫిల్టర్ దగ్గర ఉంటుంది.

ఇంతకీ ఫిల్టర్ చేసే పనేంటి? నీళ్లలో చెత్త పట్టడం ఒక్కటే కాదు. చేపల వ్యర్థాలు, మిగిలిన మేత నుంచి అమ్మోనియా పుడుతుంది. అది విషం. ఫిల్టర్ స్పాంజ్‌లో పెరిగే మంచి బ్యాక్టీరియా దాన్ని ముందు నైట్రైట్‌గా, తర్వాత పెద్దగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తుంది. ఈ బ్యాక్టీరియా పూర్తిగా పెరగడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. కొత్త ట్యాంక్‌లో మొదటి రోజే పది చేపలు వేస్తే ఎంత ఖరీదైన ఫిల్టరైనా కాపాడలేదు.

ఇక్కడే మన నీళ్ల సంగతి వస్తుంది. ఈ ప్రాంతంలో బోరు నీళ్లు ఎక్కువగా ఉప్పగా, గట్టిగా ఉంటాయి. క్షార గుణం, అంటే పీహెచ్, పెరిగేకొద్దీ అమ్మోనియా విషం కూడా పెరుగుతుంది. 25 డిగ్రీల వేడిలో పీహెచ్ 7 ఉంటే అమ్మోనియాలో విషపూరితమైన భాగం అర శాతం చిల్లర. అదే పీహెచ్ 8 అయితే 5 శాతం దాటుతుంది. దాదాపు పది రెట్లు! అందుకే మెత్తటి నీళ్లున్న ఊళ్లో నడిచిపోయే చిన్న ఫిల్టర్ ఇక్కడ సరిపోకపోవచ్చు.

ఫ్లోరైడ్, గట్టిదనం ఫిల్టర్‌తో పోతాయనుకుంటే పొరపాటే. మామూలు స్పాంజ్, కార్బన్ వాటిని తీయలేవు. అలాగని మినరల్ వాటర్ క్యాన్ మొత్తం ట్యాంక్‌లో పోసినా ఇబ్బందే, ఆర్‌వో నీళ్లలో చేపలకు కావాల్సిన లవణాలు ఉండవు. సగం సగం కలపొచ్చు. లేదంటే గట్టి నీళ్లను ఇష్టపడే గప్పీలు, మోలీలు పెంచుకోవడం ఇంకా సులువు.

మరి ఏది కొనాలి?

ముందు ట్యాంక్ లెక్క చూసుకోండి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 1000తో భాగిస్తే లీటర్లు వస్తాయి. 60, 30, 30 సెంటీమీటర్ల ట్యాంక్ అంటే 54 లీటర్లు. ఫిల్టర్ గంటకు దానికి 4, 5 రెట్ల నీళ్లు తిప్పాలి, అంటే 220 నుంచి 270 లీటర్లు. డబ్బా మీద రాసే అంకె ఖాళీ ఫిల్టర్‌ది. స్పాంజ్ మురికి పట్టాక అంత రాదు కాబట్టి కాస్త పెద్దదే తీసుకోవడం మేలు. ఫైటర్ చేప ఒక్కటే ఉంటే మాత్రం ప్రవాహం నెమ్మదిగా ఉండాలి, దాని పొడవాటి రెక్కలు జోరు నీళ్లకు తట్టుకోలేవు.

ఇంత చిన్న ట్యాంక్‌కి మన దగ్గర బాగా కుదిరేది ఎయిర్ పంప్‌తో నడిచే స్పాంజ్ ఫిల్టర్. చూడ్డానికి అందంగా ఉండదు, బుడబుడ శబ్దం చేస్తుంది, నిజమే. కానీ చవక, పాడయ్యే మోటార్ నీళ్లలో ఉండదు, చేప పిల్లల్ని లాగేయదు. పైగా నీటి పైభాగాన్ని కదిలిస్తూ గాలి బాగా కలుపుతుంది. ఎండాకాలంలో ఇది ప్రాణం నిలిపే విషయం. 20 డిగ్రీల నీళ్లలో లీటరుకు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పడితే, 30 డిగ్రీల్లో ఏడున్నరే పడుతుంది.

అంచుకు తగిలించే హ్యాంగాన్ ఫిల్టర్ నీళ్లను తేటగా ఉంచుతుంది. అయితే రెండు చిక్కులున్నాయి. వేసవిలో నీళ్లు ఆవిరై మట్టం తగ్గితే అది పీల్చుకోలేదు. కరెంట్ పోయి వచ్చాక కొన్ని మోడళ్లు నీళ్లు అందక ఉత్తినే తిరిగి మోటార్ కాలిపోతుంది. ట్యాంక్ లోపల పెట్టే పవర్ ఫిల్టర్‌కి ఈ బాధ లేదు. క్యానిస్టర్ ఇంత చిన్న ట్యాంక్‌కి దండగ.

కరెంట్ కోతల్లో యూఎస్‌బీ ఎయిర్ పంప్‌ను పవర్ బ్యాంక్‌కి తగిలిస్తే స్పాంజ్ ఫిల్టర్ నడుస్తూనే ఉంటుంది. బిల్లు గురించి భయం అక్కర్లేదు. 5 వాట్ల పంప్ నెలంతా ఆగకుండా నడిచినా 3.6 యూనిట్లే. రాత్రి శబ్దమని ఆపేయడమే చాలామంది చేసే తప్పు. గాలి అందక బ్యాక్టీరియా దెబ్బతింటుంది.

స్పాంజ్‌ను కుళాయి కింద కడగొద్దు, క్లోరిన్‌కి బ్యాక్టీరియా చచ్చిపోతుంది. ట్యాంక్ నుంచి తీసిన నీళ్లలోనే పిండాలి. మోటార్ రెక్కకు పట్టే తెల్లటి ఉప్పు పొరను కాసేపు వెనిగర్‌లో నానబెట్టి శుభ్రంగా కడిగితే వదులుతుంది. ఇక ఎయిర్ పంప్‌ను నీటి మట్టం కంటే పైన పెట్టండి, లేదా గొట్టానికి చెక్ వాల్వ్ వేయండి. లేకపోతే కరెంట్ పోయినప్పుడు ట్యాంక్ నీళ్లు వెనక్కి పంప్‌లోకి, అక్కడి నుంచి స్విచ్ బోర్డు దాకా వచ్చే ప్రమాదం ఉంది.