నాపబండ మీద మొదటి గీత

మా కొలిమిగుండ్లలో కాగితం కంటే ముందు చేతికందేది బండ. ఊరి కిందంతా సున్నపురాయే. దాన్ని నీళ్లు తొలిచి బెలుం గుహలు చేశాయి. భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1884లో వాటి సంగతి రాశాడు. 1982-83లో జర్మన్ గుహాన్వేషి గెబావర్ బృందం లోపలికి పాకి, కొలిచి, పటం గీసింది.

మా అవ్వ మాత్రం రోజూ వాకిట్లో ముగ్గు గీసేది. పొద్దున్నే కసువు ఊడ్చి, నీళ్లు చల్లి, ఆరీఆరని నాపబండ మీద నాతో చుక్కలు పెట్టించేది.

"వరుస తప్పితే గీత కలవదు, పాపా."

వారమంతా మూడు చుక్కలే! వేళ్ల సందున పిండి తెగకుండా జారడం వచ్చాకే మెలిక నేర్పింది. మధ్యాహ్నానికి ముగ్గు చెరిగిపోయేది. మర్నాటికి బండ మళ్లీ ఖాళీ. ఆ ఖాళీ నాకెంత ఇష్టమో!

సంక్రాంతికి పదిహేను చుక్కల ముగ్గు ఒక్కదాన్నే వేశాను. అవ్వ వచ్చి నడుమ గొబ్బెమ్మ పెట్టింది.